ఆగిన మిషన్ను తొక్కరాదు

ఏ యంత్రం ముందు కూర్చున్నా ఆయన మొదట ఎడమచేతి చూపుడువేలు పైకెత్తుతాడు.

నోళ్ళు మూయమని అర్థం. మిషను తెచ్చినవాళ్ళు, వాళ్ళకు తోడు వచ్చినవాళ్ళు, గుమ్మంలో నిలబడి ఊసుపోక మాట్లాడే పక్క కొట్టు గడియారాలాయన, అందరికీ ఒకే వేలు. తర్వాత మిషను మీదికి తల వాల్చి, చెవి ఆనించి, కళ్ళు మూసుకుంటాడు. కుడిచేత్తో చక్రం మెల్లగా తిప్పుతాడు. వేలు గాలిలోనే ఉంటుంది. ఎప్పుడు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. దిగిందంటే జబ్బు దొరికిందన్నమాట.

ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు. అందరికీ చెవి మేస్త్రి.

కొట్టు చిన్నది. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడాలి. నలుగురు వస్తే మేస్త్రే బయటికి రావాలి. ఒక బల్ల, నూనె డబ్బా, సూదుల పెట్టె. గోడకి ఒక రేకు బోర్డు. తెల్లరంగు మీద నీలం అక్షరాలు, ఆయన చేతిరాతే: 'ఆగిన మిషన్ను తొక్కరాదు.'

మేస్త్రికి తెలిసిన సత్యం అదొక్కటే అని గడియారాలాయన అంటాడు. ఒకటి చాలదా అని మేస్త్రి అంటాడు.

దారం ఇరుక్కుని మిషను ఆగిపోతుంది. ఆగగానే జనం ఏం చేస్తారు? ఇంకా గట్టిగా తొక్కుతారు. చిక్కు ముడి అవుతుంది, ముడి బిగుస్తుంది, సూది విరుగుతుంది. పావుగంటలో తేలే పని పూటంతా పడుతుంది. అలా తొక్కి తెచ్చినవాళ్ళను ఆయన ఊరికే పోనివ్వడు. "ఆగిందంటే అది నీతో ఏదో చెప్పబోతోంది. చెప్పేవాళ్ళ నోటి మీద కాలు పెడతామా?" అంటాడు. ఒకసారి ఒక హెడ్మిస్ట్రెస్‌తో గుంజీళ్ళు తీయించినంత పని చేశాడు.

ఈమధ్య తిట్టడానికి కూడా మనుషులు రావడం లేదు. కొత్త మిషన్లకు శబ్దం లేదు. పాడైతే పారేస్తున్నారు. మేస్త్రి తన సొంత మిషన్ను బల్ల మీద పెట్టుకుని, దానికే నూనె వేసి, దాన్నే వింటున్నాడు. జబ్బులేని మిషన్ను వినడం ఆరోగ్యవంతుడి నాడి పట్టుకుని కూర్చోవడం లాంటిది. మర్యాదగా ఉంటుంది. పొద్దుపోదు.

అట్లాంటి రోజుల్లో ఉత్తరం వచ్చింది. కాగితం మీద కాదు, భార్య కంప్యూటర్లోకి.

ఆవిడ ఇంట్లో కూర్చుని టైపు పని చేస్తుంది. అర్జీలు, నోటీసులు, అద్దె ఒప్పందాలు, ఎవరికేం కావాలంటే అది. ముందుగదిలో కిటికీ పక్కన కంప్యూటరు, దానికి పువ్వుల గుడ్డ ముసుగు. ఆ ముసుగు తీసే హక్కు ఆవిడది. వేసే హక్కు కూడా.

ఉత్తరం వృత్తి శిక్షణ కేంద్రం నుంచి. కుట్టుమిషన్ల మరమ్మతు నేర్పడానికి ఒక అనుభవజ్ఞుడు కావాలి. వారానికి మూడు రోజులు, పదహారుమంది విద్యార్థులు. మొదటి తరగతి ఎల్లుండి ఉదయం తొమ్మిదింటికి. వచ్చేదీ రానిదీ రేపు సాయంత్రం అయిదులోగా ఇదే ఈమెయిల్ నుంచి తెలపాలి. జవాబు లేకపోతే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. అనుభవాన్ని క్లుప్తంగా రాయాలి.

ఆవిడ చదివి వినిపించింది. మేస్త్రి "చూద్దాంలే" అన్నాడు. అని, పెట్టెలోంచి మంచి చొక్కా తీసి గుండీలు ఉన్నాయో లేదో లెక్క చూసుకున్నాడు. మధ్యాహ్నం స్క్రూడ్రైవర్లన్నీ తుడిచి పొడుగువారీగా పేర్చాడు. సాయంత్రం ఏమీ పని లేకుండా రెండోసారి గడ్డం గీసుకున్నాడు. ఆవిడ అన్నీ చూసింది. నాలుగు వాక్యాల జవాబు టైపు చేసింది. వస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం. అన్ని రకాల మిషన్లు. నమస్కారం.

"దీన్ని చిత్తుప్రతుల్లో దాచాను. రేపు ఒకసారి తప్పులు చూసి పంపుతాను. మీరు తొందరపడకండి" అంది.

ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరిదో అర్జీతో సరిపోయింది. రెండున్నరకు ఆవిడ ఈమెయిల్ తెరిచింది. కాసేపటికి పిలిచింది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

తెర పాలిపోయి ఉంది. పైన పట్టీ మీద 'స్పందించడం లేదు' అని రాసి ఉంది. బాణం గుర్తు ఉండాల్సిన చోట చిన్న చక్రం తనలో తాను తిరుగుతోంది.

"ఎంతసేపయింది?"

"ఇరవై నిమిషాలు."

"నొక్కావా?"

"ఏమని నొక్కను?"

"ఏదీ నొక్కకు. ఆగినదాన్ని..."

"తొక్కరాదు. తెలుసు. ఇన్నేళ్ళూ ఆ బోర్డుతోనేగా కాపురం చేస్తున్నాను."

మేస్త్రి వేలు పైకెత్తాడు. తల వంచాడు. వంచిన తల మధ్యలో ఆగింది.

"దానికి చెవి ఎక్కడ పెడతారు?" అంది ఆవిడ. "తెర మీదా, మీటల మీదా?"

ఆయన వేలు దించేశాడు. జబ్బు దొరక్కుండా వేలు దిగడం ఆవిడ చూడడం అదే మొదటిసారి.

ముందు శిక్షణ కేంద్రానికే ఫోన్ చేశారు. ఒక ఆడగొంతు, మీ పిలుపు మాకు ముఖ్యం, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. మేస్త్రి "నమస్కారమమ్మా" అన్నాడు. మూడు నొక్కండి అంది. నొక్కాడు. వాద్యసంగీతం మొదలైంది. పదినిమిషాలు విని ఫోను భార్య చేతికిచ్చాడు.

"ఆ పాటలో కూడా ఎక్కడో బెల్టు జారుతోంది."

మూడు పది అయింది.

"చెల్లెలికి చేస్తాను" అంది ఆవిడ.

చెల్లెలు పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఒక ఇంటర్నెట్ కంపెనీలో ఫోను చెవికి తగిలించుకుని ముక్కూమొహం తెలియనివాళ్ళ కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఇంట్లో ఈ కంప్యూటరు పెట్టించిందీ ఈమెయిల్ అమర్చిందీ ఆవిడే. బావను ఏడిపించడం ఆవిడకు చిన్నప్పటి అలవాటు. ఫోను బల్ల మీద పెట్టి గొంతు బయటికి వినబడేట్టు చేశారు.

"బావా, మీరేనా కంప్యూటర్ ముందున్నది? అయితే ముందు దాన్ని మీనుంచి కాపాడాలి. కొంచెం దూరం జరగండి."

"జరిగాను. చెప్పవే."

"నెట్ డబ్బా మీద మూడు పచ్చదీపాలు వెలుగుతున్నాయా?"

"నాలుగు."

"ఒకటి ఎక్కువే ఇచ్చారు, పెట్టిపుట్టారు. అక్కా, మొత్తం ఆపి మళ్ళీ పెట్టు."

ఆపి మళ్ళీ పెట్టారు. కంప్యూటరు బుద్ధిగా లేచింది. ఈమెయిల్ తెరవగానే మళ్ళీ పాలిపోయింది. అదే చక్రం, అదే తిరుగుడు.

"సరే, దాంతో పనిలేకుండా వేరే దారిలో వెళ్దాం. ఎవరి కంప్యూటర్లోంచైనా మీ ఈమెయిల్ పెట్టె తెరవొచ్చు. పాస్‌వర్డ్ చెప్పండి."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు.

"అది నువ్వే పెట్టావుగా" అంది అక్క.

"నేనే పెట్టాను. పెట్టి, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, ప్రాణం పోయినా పారేయకండని బావ చేతికిచ్చాను."

"పారేయలేదు" అన్నాడు మేస్త్రి.

"హమ్మయ్య. ఎక్కడుంది?"

ఆయన గొంతు సర్దుకున్నాడు. "రెండో వీధి టైలరమ్మ మిషను కాలు కింద. ఒకవైపు ఊగుతుంటే పెట్టాను. నాలుగు మడతలు. మంచి దళసరి కాగితం. ఆ తర్వాత ఊగలేదు."

"ఆవిడ వేరే ఊరు వెళ్ళిపోయి రెండేళ్ళయింది కదండీ" అంది భార్య.

"మిషను కూడా తీసుకెళ్ళింది" అన్నాడు మేస్త్రి. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది.

ఫోనులో మరదలు చాలాసేపు నవ్వింది. ఆమె పక్కన ఎవరో ఏమిటని అడిగితే వాళ్ళకూ చెప్పింది. వాళ్ళూ నవ్వారు.

"కొత్త పాస్‌వర్డ్ పెట్టలేవా?" అంది అక్క.

"పెట్టొచ్చు. దానికో అంకె పంపుతారు. ఎక్కడికి పంపుతారో తెలుసా? ఆ ఈమెయిల్‌కే."

"తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకి తాళం వేసినట్టుంది" అంది అక్క.

మూడు నలభై.

మేస్త్రి కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. బయట రోడ్డు ఉంది, దాని మీద ఎండ ఉంది. పదహారుమంది అనుకున్నాడు. ముప్పై రెండు చెవులు. జాబితాలో తర్వాతి పేరు ఎవరిదో ఆయనకు తెలుసు. బస్టాండు దగ్గర కొట్టువాడు. విననైనా వినకుండా మిషను విప్పేస్తాడు. వాడి దగ్గర నేర్చుకుంటే పదహారుమందీ విప్పేవాళ్ళవుతారు.

"ఇక ఒకటే ఉంది. మొత్తం తీసేసి కొత్తగా వేద్దాం. గంట పడుతుంది" అంది మరదలు.

"నా చిత్తుప్రతి?"

"ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"ఆగండి" అన్నాడు మేస్త్రి.

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. బల్ల కిందికి దూరాడు. అక్కడ కంప్యూటర్ పెట్టె ఉంది. దుమ్ము పట్టిన ఇనప పెట్టె. లోపల ఏదో తిరుగుతోంది. తిరిగేది ఏదైనా ఆయనకు చుట్టమే. చెవి ఆనించాడు. బల్ల కిందినుంచి ఒక వేలు పైకి లేచింది.

"అక్కా, బావ ఏం చేస్తున్నారు?"

"వింటున్నారు."

"దేన్ని?"

"ష్" అన్నాడు బల్ల కిందినుంచి.

లోపల గుర్రుమని ఒక శబ్దం, వెంటనే టక్కుమని ఇంకొకటి. మళ్ళీ గుర్రు, మళ్ళీ టక్కు. బరువైన దాన్ని గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, గుమ్మం దాటించలేక, దింపేసినట్టు. ఆయన లెక్కపెట్టాడు. తొమ్మిదిసార్లు. తర్వాత ఊపిరి పీల్చుకున్నట్టు ఆగింది. మళ్ళీ మొదటినుంచి తొమ్మిదిసార్లు.

వేలు దిగింది. నోరు మాత్రం లేవలేదు.

"తెలిసిందిగా, చెప్పండి" అంది భార్య.

"ఏం లేదు. నూనె తక్కువైందేమో."

"కంప్యూటర్‌కి నూనె!" అంది మరదలు.

భార్య కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. బల్ల కిందికి వంగి ఆయన మొహం చూసింది. దొంగకు తేలు కుట్టినట్టుంది ఆ మొహం.

"నిన్న నేను మేడ మీదికి వెళ్ళినప్పుడు ఏం చేశారు?"

"ఏదో పంపాను."

"ఏం పంపారు?"

"అనుభవం."

ఫోనులో నవ్వు ఆగింది. ఆయన బల్ల కిందే ఉండి చెప్పాడు. బయటికి వస్తే చెప్పలేననుకున్నాడేమో.

ఏడాదిగా కొట్టుకు వచ్చిన ప్రతి మిషను చప్పుడునూ ఫోనులో రికార్డు చేస్తున్నాడు. ఇక ఈ చప్పుళ్ళు వినబడవని తోచి మొదలుపెట్టాడు. ఎవరికోసమో తెలియదు. మొత్తం ఇరవై మూడు జబ్బులు, నలభై ఏడు నిమిషాలు. అనుభవం తెలపమన్నారు కదా. నాలుగు వాక్యాల్లో ముప్పై ఎనిమిదేళ్ళు ఎక్కడ పడతాయి? ఫొటోలు ఎక్కించడానికి భార్య నేర్పిన పద్ధతిలోనే దాన్ని ఫోనులోంచి కంప్యూటర్లోకి ఎక్కించాడు. 'జవాబు' అన్నచోట నొక్కాడు, రికార్డింగు తగిలించాడు, 'పంపు' నొక్కాడు.

"తర్వాత?"

"కింద నీలం గీత సగం దాకా పాకి ఆగిపోయింది."

"ఆగిపోతే?"

ఆయన బల్ల కింద ఇంకొంచెం లోపలికి జరిగాడు.

"బావా, ఆగిపోతే ఏం చేశారు?" అంది మరదలు.

"మళ్ళీ తగిలించి పంపాను."

"ఎన్నిసార్లు?"

"తొమ్మిది."

అప్పుడు భార్య నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అదీ చాలలేదు. గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు తుడుచుకుంది.

"హెడ్మిస్ట్రెస్ చేత గుంజీళ్ళు తీయించబోయారండీ!" అంది ఎట్టకేలకు.

"నవ్వు నవ్వు. నీకేం."

"ఎదుటివాళ్ళకు చెప్పడానికేనా ఆ బోర్డు?"

"ఆ బోర్డు మిషన్లకు. దీనికి ఎక్కడైనా రాసి ఉందా?"

మరదలి గొంతు ఇప్పుడు మారింది. ఆఫీసులో ఆమె మాట్లాడే గొంతు అదే కాబోలు. "బావా, నిజంగా మీరు పట్టుకున్నారు. తెరవగానే అది ముందు ఆ తొమ్మిదీ బయటికి తోయాలని చూస్తోంది. ఒక్కటే దాటదు, తొమ్మిది ఎలా దాటతాయి? వాటితోనే సతమతమై మీకు పలకడం లేదు. నెట్ తీగ పీకేయండి. బయటికి దారి లేదని తెలిస్తే తోయడం మానేస్తుంది."

"బెల్టు తీసేసి మిషను విప్పినట్టు" అన్నాడు మేస్త్రి.

"అట్లాగే అనుకోండి."

పీకాడు. పట్టుతప్పిన కోపంతో పీకాడు. తీగ కొనను పట్టి ఉంచే చిన్న నాలుక విరిగి చేతిలోకి వచ్చింది. దాన్ని జేబులో వేసుకుని ఎవరికీ చెప్పలేదు. ఒక రోజుకి ఒక నేరం చాలు.

కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టారు. ఈమెయిల్ తెరిచారు. ఇంతసేపూ ఏమీ జరగనట్టు, అత్తవారింట్లో కొత్తకోడలిలా, అది వెంటనే పలికింది.

"ఎడమవైపు 'అవుట్‌బాక్స్' అని ఉంటుంది చూడు. పంపినా ఇంకా పోనివి అందులో ఉంటాయి."

"ఉన్నాయి" అంది అక్క. "వరసగా తొమ్మిది. పేరు లేదు, ఊరు లేదు, ఒక్క ముక్క రాసి లేదు."

మేస్త్రి బల్ల కిందినుంచి తల బయటపెట్టి చూశాడు. పైదారం తెగుతుంటే జబ్బు కింద, దారపు కండె దగ్గర ఉంటుంది. ఆ కండె కప్పు తెరిచి చూసినప్పుడు గూడు కట్టిన దారం కనిపిస్తుంది. ఇదీ అంతే. గూడు కట్టింది ఎవరన్నదే తేడా.

"అన్నీ తీసెయ్యక్కా."

"ఒకటి ఉంచు" అన్నాడు మేస్త్రి. అని వెంటనే, "పోనీలే. ఫోనులో నిండిపోతే అక్కడా, నువ్వు చూస్తావని కంప్యూటర్లోనూ తుడిచేశాను. పోతే పోయింది" అన్నాడు.

ఆవిడ ఎనిమిది తీసేసింది. తొమ్మిదోదాన్ని బాణంతో పట్టుకుని తన చిత్తుప్రతుల్లోకి జరిపింది, నాలుగు వాక్యాల పక్కకి. అడిగి చేయలేదు, చేసి చెప్పలేదు. ఆయన చూశాడు.

నాలుగు నలభై ఆరు.

"ఇప్పుడు తీగ పెట్టండి."

పెట్టాడు. నాలుక లేదు కదా, జారిపోయింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

"దీపాలు వెలగడం లేదండీ."

"వెలుగుతాయి."

"తీగకి ఏమైంది?"

"ఏం కాలేదు. కొంచెం సిగ్గుపడుతోంది."

బొటనవేలితో తీగను రంధ్రంలోకి అదిమిపెట్టి ఆయన నేల మీద పక్కకు ఒరిగి పడుకున్నాడు. ఒక మోకాలు గోడకి, ఒక చెవి ఇనప పెట్టెకి. పచ్చదీపాలు ఒకటి, రెండు, మూడు, చివరికి ఆ అదృష్టపు నాలుగోదీ వెలిగాయి.

"కదలకండి. తప్పులు చూస్తున్నాను."

"ఇప్పుడా!"

"రేపు పొద్దున్న మీరు పంతులుగారు. తప్పులతో పోతుందా?"

నాలుగు వాక్యాలను ఆవిడ నాలుగు అధ్యాయాల్లా చదివింది. మేస్త్రి బొటనవేలు తెల్లబడింది.

"పంపుతున్నాను" అంది ఆవిడ.

చిన్న గుర్రు. టక్కు లేదు. గుమ్మం దాటిపోయింది.

"వెళ్ళింది" అన్నాడు మేస్త్రి బల్ల కిందినుంచి.

"ఇంకా తెర మీద రాలేదండీ."

"వస్తుంది."

వచ్చింది. నాలుగు యాభై మూడు. ఇంకో రెండు నిమిషాలకు అవతలినుంచి కూడా ఒక ముక్క వచ్చింది: 'మీ సమ్మతి అందింది. రేపు తొమ్మిది గంటలకు రాగలరు.'

"బావా, మా ఆఫీసులో ఒక ఖాళీ ఉంది. చెవి ఉన్నవాళ్ళకు ముందు ప్రాధాన్యం" అంది మరదలు.

"మీ చెల్లెలికి నోరు ఊరుకోదు" అన్నాడు మేస్త్రి భార్యతో. ఆయన మొహం మాత్రం ఎర్రబడింది.

టీ తాగాక ఆవిడ తొమ్మిదోదాన్ని తెరిచింది. ఆయన అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. మిషను చప్పుడు, తర్వాత ఆయన గొంతు. ఇది మొదటి తప్పు, సూది వంగింది. ఇది రెండో తప్పు, గుడ్డను జరిపే దంతెల్లో పీచు పట్టింది. నలభై ఏడు నిమిషాలూ ఆవిడ కదలకుండా విన్నది. మధ్యలో ఒకచోట ఆవిడ గొంతే వినబడింది, దూరంనుంచి, కొట్టు గుమ్మంలోంచి: "ఏమండీ, క్యారేజీ తెచ్చాను." వెంటనే ఆయన గొంతు: "ఇది పదకొండో తప్పు."

అవతలి గదిలో ఆయన ఆ చోటు కోసమే ఎదురుచూస్తున్నాడు.

"పదకొండో తప్పు బెల్టు గురించి" అన్నాడు గుమ్మంలోకి వచ్చి.

"నేనేమైనా అన్నానా?" అంది ఆవిడ.

మర్నాడు పొద్దున్న ఆయన మంచి చొక్కా వేసుకుని ముందు కొట్టు దగ్గరికి వెళ్ళాడు. తలుపు తీసి, గోడ మీది రేకు బోర్డును మేకునుంచి దించాడు. వెనక ఉన్న బూజు దులిపి సంచిలో పెట్టుకున్నాడు. కొట్టు మూసేస్తున్నావా ఏమిటి అని గడియారాలాయన అడిగితే, సాయంత్రం మళ్ళీ తగిలిస్తానన్నాడు. తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా తరగతి గదిలో ఉన్నాడు. పదహారుమంది, పదహారు మిషన్లు. బోర్డును నల్లబల్లకు ఆనించి నిలబెట్టాడు. ముందు వరసలో ఒకావిడ పైకే చదివింది.

"మీలో ఎవరైనా ఆగిన మిషన్ను తొక్కారా?" అని అడిగాడు.

అందరూ తొక్కినవాళ్ళే. ఒక్కరూ చెయ్యి ఎత్తలేదు. పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నారు.

మేస్త్రి ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాడు.

"నేను తొక్కాను" అన్నాడు. "మొన్న సాయంత్రం. తొమ్మిదిసార్లు."